గంజిలో నెయ్యి

సాత్విక్ ఫోను చేశాడని, నేను పెట్టేశానని ఇదివరకే చెప్పాను. నాలుగేళ్ళ కిందట ఇక్కడ అమెరికాలో, నోవైలో మా ఇంటి బేస్‌మెంటులో అద్దెకుండి ఎమ్మెస్ చదివిన కుర్రాడు వాడు. గంజాయి దాచాడని ఇంట్లోంచి గెంటాను. అంతటితో ఊరుకోలేదు. యూనివర్సిటీకి సంతకం పెట్టి ఉత్తరం రాశాను. చదువు మధ్యలో ఆగింది, ఇండియా వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇక్కడి కంపెనీ ఒకటి వాడికి ఉద్యోగం ఇస్తానంటోంది. గురువారం హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ. పోయినసారి వీసాకి నా ఉత్తరమే అడ్డం పడింది. "పొరబడ్డానని ఒక్క ముక్క రాసివ్వండంకుల్" అని అడిగాడు. "పొరబడలేదు" అని పెట్టేశాను.

అదే వారం నా కూతురు రిషిత తీసిన సినిమా తెలుగు సంఘం తరఫున వేస్తున్నారని తెలిసింది. పేరు 'గంజి గండం'. పాటలతో కామెడీ. గంజాయి అన్న మాట వినగానే మనవాళ్ళు పడే హడలు మీద ఎగతాళి. ఆపమని అభ్యంతరం రాసి జేబులో పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం హైస్కూలు ఆడిటోరియంలో మూడో వరసలో కూర్చున్నాను. దీపాలు ఆర్పారు. పోయిన వారం అక్కడ ఆగాను.

తెర మీదికి ముందు హరికథ దాసు వచ్చాడు. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, ఒంటి మీద సూటు, మెడలో పూలదండకు బదులు ఆఫీసు ఐడీ కార్డు.

"గ్రీన్ కార్డు పుణ్యాత్ములారా! ఐ-ట్వంటీ చదువుల అభాగ్యులారా! నోవై పట్టణంబున గంజి కాగుచున్నది. వాసన తగిలినదా?"

"తగిలింది!" అని హాలంతా అరిచింది.

పన్నెండు మంది ఆడపిల్లలు నాట్యం దుస్తుల్లో కుక్కర్లు పట్టుకుని వచ్చారు. కుక్కరు కూతే తాళం. నాలుగు కూతలకు ఒక చరణం.

"గంజి అన్నా గంజాయేనండీ, గట్టిగ అంటే రుజువేనండీ!
పొయ్యి మీద పొంగొచ్చిందా, పోలీసోళ్ళకి ఫోనేనండీ!"

కథ ఇంతే. జ్వరం వచ్చిన కుర్రాడు గంజి ఎలా కాచుకోవాలో వాళ్ళమ్మను ఫోనులో అడుగుతాడు. పై అంతస్తులో ఇంటి ఓనరు అంకుల్ హీటరు గొట్టానికి చెవి ఆనించి వింటాడు. సగమే వినిపిస్తుంది. అట్టముక్కలతో చేసిన హెలికాప్టర్లు దిగుతాయి. పోలీసు కుక్క గంజి నాకి హాయిగా నిద్రపోతుంది. సంఘం అత్యవసర సమావేశం పెడుతుంది. ఇక మీదట చీరలకు గంజి పెట్టబోమని ఆడవాళ్ళంతా చెయ్యి చాచి ప్రమాణం చేస్తారు. తర్వాతి పాటలో అందరి చీరలూ మెత్తబడి జారిపోతుంటే ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని నాట్యం చేస్తారు. పక్క వరసలో ఒకావిడ నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

నేను నవ్వలేదు. తెర మీద అంకుల్ వేసుకున్నది నా గోధుమరంగు స్వెట్టరు. నా భార్య గిరిజ అల్లింది. రెండు నెలల కిందట రిషిత డ్రై క్లీనింగ్‌కి ఇస్తానని పట్టుకెళ్ళింది. వేషం వేసింది శ్యామ్‌సుందర్. ఇరవై ఏళ్ళు నాతో ఒకే కారులో ప్లాంటుకి వచ్చినవాడు. నాలాగే చొక్కా అంచుతో కళ్ళజోడు తుడిచాడు. నాలాగే మాట్లాడే ముందు గొంతు సవరించాడు. అడిగిన ప్రతివాడికీ ఒకటే జవాబు.

"నేను కళ్ళారా చూశాను."

అనగానే తాళం ఠంగుమంటుంది. మూడోసారికి హాలు కూడా వాడితో కలిసి అంది.

వెనక వరసలోంచి శ్యామ్‌సుందర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎట్ల చేసిన రంగన్నా? కోపం చేయకు. ఊకె నవ్వనీకే."

నేను వెనక్కి తిరగలేదు. కళ్ళారా చూశానన్న ఆ మాట నాదే. నాలుగేళ్ళ కిందట ఇదే సంఘం మీటింగులో ఇలాగే నిలబడి అన్నాను. అప్పుడెవరూ నవ్వలేదు. తలలూపారు. ఆ మర్నాటి నుంచి ఆ కుర్రాడికి ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు.

నేను ప్లాంటులో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా ముప్పయ్యేళ్ళు చేశాను. బ్రేకు భాగాలు. లోపం కనిపిస్తే ఎర్ర చీటీ తగిలిస్తాను. తగిలించాక ఆ ముక్కకు అప్పీలు లేదు, తుక్కులోకే. మా ఊరి జిల్లా పరిషత్ బడిలో మాకు అలాగే చెప్పారు. తప్పు తప్పే, ఎవరు చేసినా. ఆ చదువు నాకు బాగా పనికొచ్చిందనుకునేవాణ్ణి.

దీపాలు వెలిగాయి. రిషిత మైకు పట్టుకుని స్టేజి మీదికి వచ్చింది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. "థాంక్యూ అంకుల్స్, ఆంటీస్. ఎవరికైనా క్వశ్చన్స్ ఉన్నాయా?"

నేను లేచాను. జేబులోని కాగితం తీయలేదు.

"సినిమా అబద్ధం" అన్నాను. "అది గంజి కాదు. గంజాయే. నేను కళ్ళారా చూశాను."

హాలు దద్దరిల్లింది. రెండు వందల మంది ఒక్కసారిగా నవ్వారు. వెనకెవరో నోటితోనే ఠంగుమని తాళం కొట్టారు. "సూపర్ అంకుల్!" అని ఒక పిల్లవాడు అరిచాడు. ఇది కూడా సినిమాలో భాగమే అనుకున్నారు.

అక్కడ కూర్చోవలసింది. కూర్చోలేదు.

"నవ్వకండి. వాడి గదిలో పుస్తకాల వెనక దొరికింది. స్టీలు డబ్బాలో. మూత మీద గిరిజ అని పేరు చెక్కి ఉంది. నా భార్య మంచం మీద చావుబతుకుల్లో ఉంటే, ఆవిడ డబ్బా దొంగిలించి అందులో దాచుకున్నాడు. అలాంటివాణ్ణి అమాయకుణ్ణి చేసి నా కూతురు పాటలు కట్టింది."

నవ్వు ఒక్కో వరసా ఆగిపోయింది. గిరిజను ఎరగనివాళ్ళు ఆ హాల్లో తక్కువ.

"నాన్నా, ప్లీజ్. ఆపు."

"ఎందుకాపాలి? డబ్బా సంగతి సినిమాలో ఎందుకు పెట్టలేదు? చెప్పు. అందరికీ చెప్పు."

రిషిత నన్ను చూసిన చూపు నాకు అర్థం కాలేదు. కోపం అయితే అర్థమయ్యేది. అది జాలి.

"టీ బ్రేక్" అంది మైకులో. "సమోసాస్ బయట ఉన్నాయి, ఎవ్రీవన్."

కారిడార్‌లోకి తీసుకెళ్ళింది. రెండు వైపులా పిల్లల లాకర్లు. గోడ మీద మత్తుమందులు వద్దని ఎర్ర రిబ్బను బొమ్మతో పోస్టరు. దాని కింద నిలబడ్డాం.

"అమ్మ పేరు అందరి ముందూ ఎందుకు అన్నావ్?"

"నిజం కాబట్టి."

"నిజం నీకు తెలీదు నాన్నా." చేతులు కట్టుకుంది. "డబ్బా సాత్విక్ స్టీల్ చేయలేదు. అమ్మ ఇచ్చింది. కందిపొడి పెట్టి ఇచ్చింది. వాడు వాష్ చేసి తెచ్చాడు. ఎంప్టీ డబ్బా ఇవ్వకూడదు అబ్బాయ్, ఏమన్నా వేసి ఇవ్వాలి అంది అమ్మ. జోక్‌గా. ఏం కావాలి ఆంటీ అన్నాడు."

ఒక లాకరు తాళాన్ని గిరగిరా తిప్పింది.

"అమ్మ అడిగింది. అమ్మే అడిగింది, నాన్నా."

"ఏమని?"

"నీకు తెలుసు ఏమని. కీమో తర్వాత ఏం తిన్నా వామిట్. వాటర్ కూడా. హాస్పిటల్లో పక్క బెడ్ ఆమె చెప్పిందంట, అది తీసుకుంటే ఆకలి వేస్తుందని. సాత్విక్ నో అన్నాడు. నా వీసా పోతుంది ఆంటీ అన్నాడు. అమ్మ టూ డేస్ మళ్ళీ అడగలేదు. థర్డ్ డే వాడే తెచ్చాడు."

"అబద్ధం. గిరిజ పొగ తాగిందంటే నేను..."

"పొగ ఎవరు తాగారు? అమ్మ లంగ్స్‌తో?" రిషిత నవ్వబోయి ఆగింది. "నెయ్యిలో వేశాడు నాన్నా. నెయ్యిలో కాచి వడగట్టాడు. చిన్న సీసాలో పోసి పైన కిచెన్‌లో పెట్టాడు. నువ్వు గంజి కాచి ఇచ్చేవాడివి కదా? నేను పైకి తీసుకెళ్ళేముందు ఒక స్పూన్ కలిపేదాన్ని."

లాకరుకి ఆనుకున్నాను.

ఆ రోజులు చెబుతాను. 2006 డిసెంబరు. గిరిజ మూడు వారాలుగా ఏమీ తినలేదు. ఒక రోజు నేను నూకలతో గంజి కాచి పంపితే గిన్నె ఖాళీ అయి వచ్చింది. మర్నాడు కూడా. ముఖంలో కాస్త కళ వచ్చింది. ఒక సాయంత్రం ఆవకాయ ఊట అడిగింది. నా చేతి గంజి వల్ల అనుకున్నాను. అనుకోవడమే కాదు, కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ఇండియాలో బావమరిదికి ఫోను చేసి చెప్పాను. డాక్టర్లు చేయలేనిది నూకల గంజి చేసిందన్నాను. ప్లాంటులో శ్యామ్‌సుందర్‌కి గంజి కాచే పద్ధతి వర్ణించాను. వాడు ఇవాళ తెర మీద ఆ గంజి గిన్నె పట్టుకుని గెంతాడు.

జనవరి మూడో వారంలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఫిల్టరు మార్చడానికి బేస్‌మెంటులోకి దిగాను. వాసన తెలిసింది. మా ఊళ్ళో పశువుల కొట్టం వెనక చేరే ముఠా వల్ల ఆ వాసన నాకు చిన్నప్పుడే తెలుసు. గది వెతికాను. డబ్బా దొరికింది. సాత్విక్ క్లాసు నుంచి వచ్చేసరికి వాడి సూట్‌కేసు డ్రైవ్‌వేలో మంచు మీద ఉంది. వాడు సూట్‌కేసు మీది మంచు దులిపాడు. పైన గిరిజ గది కిటికీ వంక ఒకసారి చూశాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. నేనే అప్పుడు సిగ్గుపడవలసిందని ఎవరు చెబుతారు?

వంటింట్లో ఉన్న నెయ్యి సీసా కూడా అదే ఊపులో పారేశాను. రంగు బాగాలేదని.

ఆ రాత్రి గిరిజ గంజి నోట్లో పెట్టుకుని అడిగింది. "నెయ్యి వేశారా?"

"వేశాను."

"ఆ నెయ్యి కాదండీ."

రోగం మనిషిని చంటిపిల్లను చేస్తుందనుకున్నాను. మర్నాడు ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కొత్త నెయ్యి డబ్బా కొన్నాను. రెండు స్పూన్లు వేశాను. గిరిజ నా ముఖం చూసి మింగింది. పది నిమిషాలకు కక్కింది. మళ్ళీ నెయ్యి మాట ఎత్తలేదు. ఫిబ్రవరి ఇరవై ఆరున పోయింది. చివరి వారం నేను, రిషిత కలిసి దుప్పటి మారుస్తుంటే గిరిజను ఒంటి చేత్తో ఎత్తగలిగాను.

"నాకెందుకు చెప్పలేదు?" అని రిషితను అడిగాను.

"అమ్మ ప్రామిస్ తీసుకుంది. మీ నాన్న నియమం మనిషి, తెలిస్తే నన్ను చూసే చూపు మారిపోతుంది, ఆ చూపుతో పోలేను అంది." రిషిత పోస్టరు వంక చూస్తూ మాట్లాడింది. "నువ్వు సూట్‌కేస్ బయట పడేసినప్పుడు నేను మెట్ల మీదే ఉన్నా. సెవెన్‌టీన్ ఇయర్స్. చిన్నపిల్లని కాదు. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. నువ్వొక్కడివే కాదు నాన్నా."

"దాని మీద నవ్వులాటా?"

"ఏడిస్తే ఎవరొస్తారు? నువ్వు వచ్చేవాడివా?"

రిషిత పోస్టరు మీంచి చూపు తిప్పి నా వైపు తిరిగింది.

"కథలోంచి డబ్బా తీసేశా. నెయ్యి తీసేశా. గంజిని గంజిలాగే ఉంచా. అమ్మ పేరు రాకూడదని. సాత్విక్ కూడా అదే అడిగాడు. నువ్వు లేచి నిలబడి..." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "గురువారం ఇంటర్వ్యూ. సినిమాలో ఉన్నదే రాసి ఇవ్వు. గంజిని చూసి గంజాయి అనుకున్నా అని. అమ్మకి ఏం కాదు. నీకూ ఏం కాదు. వాడికి వీసా వస్తుంది."

హాల్లోంచి మళ్ళీ కుక్కరు కూత వినిపించింది. ఎవరో పిల్లలు స్టేజి మీద ఆడుతున్నారు.

ఇంటికి ఎలా డ్రైవ్ చేశానో తెలియదు. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర రెండు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటిది రిషిత చెప్పినట్టు రాశాను. నేను చూసింది వంట సామాను, మత్తుమందు అని పొరబడ్డాను. నాలుగు వాక్యాలు. చదువుకుంటే తేలిగ్గా ఉంది. ఆ తేలికే నాకు గుచ్చుకుంది. ఈ కాగితంలో నేను కాస్త తొందరపడ్డ పెద్దమనిషిని, అంతే. ఎవరైనా చదివి నవ్వుకుంటారు. శ్యామ్‌సుందర్ వేసిన వేషం ఉంది చూశారా, అదే నేను. పైగా అది అబద్ధం. ముప్పయ్యేళ్ళలో ఒక్క తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టలేదని నాకు పొగరు. ఈ ఒక్కటి పెడితే ఆ పొగరు కూడా పోతుంది. పోనీ. కానీ అబద్ధం బయటపడితే మునిగేది నేను కాదు, మళ్ళీ వాడే.

రెండోది నిజం. అందులో గిరిజ పేరు రాయాలి. ఆమె తిన్నదేమిటో, ఎవరినడిగిందో, ఎవరికి చెప్పలేకపోయిందో రాయాలి. చెప్పలేకపోయింది నాకు. రెండు వాక్యాలు రాసి ఆగాను. 2008 ఎన్నికల్లో ఈ రాష్ట్రంలోనే రోగులకు గంజాయి ఇవ్వవచ్చా అని ఓటు పెట్టారు. జనం సరేనన్నారు. నేను క్యూలో గంటసేపు నిలబడి వద్దని ఓటేశాను. ఆ స్వెట్టరే వేసుకుని వెళ్ళాను.

ఏ కాగితం పంపాలో తేల్చవలసింది నేను కాదనిపించింది. గిరిజ, సాత్విక్ ఇద్దరిలో బతికున్నవాణ్ణి అడగాలి. తెల్లారి ఎనిమిదింటికి ఇండియాలో సాయంత్రం. సాత్విక్ ఇచ్చిన నంబరు ఫోనులోనే ఉంది. 'మళ్ళీ చేస్తే ఎత్తవద్దు' అని పేరు పెట్టుకున్నాను.

ఎత్తింది ఆడమనిషి.

"సాత్విక్ ఉన్నాడా అండీ?"

"లేడండీ, హైదరాబాదు వెళ్ళాడు. గురువారం ఏదో ఇంటర్వ్యూ ఉందిగా. నేను వాళ్ళమ్మని, కనకదుర్గని. మీరెవరు?"

అనుకున్న మాటలన్నీ ఆ కుర్రాడి కోసం అనుకున్నవి. తల్లికి సరిపడే మాట ఒక్కటీ లేదు.

"నోవై నుంచండీ. రంగయ్యని."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"గిరిజమ్మగారి ఆయనేనా?"

నాలుగేళ్ళుగా నన్నెవరూ అలా పిలవలేదు. "అవునండీ."

"ఉండండి, పొయ్యి కట్టేసి వస్తా." వచ్చింది. "ఇన్నాళ్ళకి చేశారు. ఏమనుకోకండి, మీ మీద నాకు కోపం లేదని చెప్పను. ఉంది. మావాణ్ణి సూట్‌కేసుతో రోడ్డు మీద నిలబెట్టారు."

"అవునండీ."

"గిరిజమ్మగారు నాకు ఉత్తరం రాశారండీ. మావాడు అక్కడ మీ ఇంట్లో ఉండగానే. మనిషిని చూడనన్నా చూళ్ళేదు నేను. 'అమ్మా, నీ కొడుకు చేత చేయించకూడని పని చేయిస్తున్నాను, ఆకలికి ఆగలేక అడిగాను. రేపు వాడి మీదికి ఏమన్నా వస్తే ఈ కాగితం చూపించు, తప్పు నాది' అని రాసి సంతకం పెట్టారు."

ఫోను చెవి మార్చుకున్నాను. ఏదో ఒకటి చేయాలి గనుక.

"మరి... చూపించలేదేమండీ? అది చూపిస్తే యూనివర్సిటీలోనే..."

"నేను చూపిద్దామనే అన్నాను. కొట్లాడాను కూడా. పోయిన ఆవిడ పేరు ఆఫీసులో బల్లల మీద పడెయ్యను అమ్మా, నాకు కందిపొడి పెట్టింది అన్నాడు. వీసా పోతే పోయిందన్నాడు. మొన్న కూడా పట్టుకెళ్ళరా అంటే బీరువాలోనే ఉంచమన్నాడు."

అంటే ఆ కుర్రాడి చేతిలో నాలుగేళ్ళుగా విడుదల కాగితం ఉంది. వాడు దాన్ని వాడకుండా నన్ను అడిగాడు. ఒక్క ముక్క రాసివ్వండంకుల్ అని. నేను పెట్టేశాను.

"వింటున్నారా?"

"వింటున్నానండీ."

"ఆ ఉత్తరం అడుగున మీకు నాలుగు ముక్కలు ఉన్నాయండీ. అందుకే ఇంతసేపు మాట్లాడుతున్నా. 'ఆయన తనంతట తాను ఫోను చేస్తేనే చదివి వినిపించు. చెయ్యకపోతే అక్కర్లేదు' అని రాశారు. నాలుగేళ్ళు చూశాను. ఇంక చెయ్యరనుకున్నా. చదవమంటారా?"

"చదవండి" అన్నాను. గొంతు సవరించుకోకుండానే.

"లైన్లో ఉండండి. కళ్ళజోడు తెచ్చుకుంటా."

అడుగులు దూరమయ్యాయి. బీరువా తలుపు కిర్రుమంది. అడుగులు దగ్గరయ్యాయి. మడత విప్పుతున్న కాగితం చప్పుడు వినిపించింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.